నీళ్ల గుట్టు విప్పే బుల్లి పరికరాలు

పిల్లల పళ్లు పచ్చబడక ముందే పరీక్ష జరగాలి

సూర్యాపేట: బిందెలో నీళ్లు తేటగా ఉన్నాయి. వాసన లేదు. నోట్లో పోసుకుంటే చల్లగానే ఉన్నాయి. అయినా అవి తాగదగిన నీళ్లా, కాదా అన్నది కన్ను చెప్పదు, ముక్కు చెప్పదు, నాలుక కూడా చెప్పదు. మరి ఎవరు చెప్పాలి?

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏళ్ల తరబడి ఆ మాట చెప్పింది పిల్లల పళ్లే. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేటప్పుడు వాటిపై పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తే ఆ ఊరి బావిలో ఫ్లోరైడ్ ఉందని పెద్దలు గుర్తుపట్టేవారు. ఆ తర్వాత మోకాళ్లు పట్టేయడం, నడుం వంగడం, మెడ తిరగకపోవడం ఒక్కొక్కటిగా బయటపడేవి. కానీ పంటి పింగాణీ చిగురు లోపలే తయారవుతుంది. పన్ను బయటికి వచ్చి చార కనిపించేసరికి ఆ బిడ్డ ఆ నీళ్లను ఆరేడేళ్లుగా తాగి ఉంటుంది. ఒకసారి వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు లేదు. అంటే పరీక్ష ఫలితం వచ్చేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయేదన్న మాట.

ఈ పని ఇప్పుడు పరికరాలు చేయగలవు. నీటిలోని విషాన్ని చిన్నపాటి విద్యుత్తుగానో, వెలుగుగానో మార్చి నిమిషాల్లో అంకె చూపించే సెన్సార్లు వచ్చాయి. మరికొన్ని ప్రయోగశాలల్లో రూపుదిద్దుకుంటున్నాయి. వీటి అవసరం మన ప్రాంతానికి ఉన్నంతగా మరెక్కడా ఉండదంటే అతిశయోక్తి కాదు.

ఎడ్లు కుంటితే తెలిసింది

ఫ్లోరైడ్ జబ్బు, అంటే ఫ్లోరోసిస్, మన దేశంలో ఉన్నట్లు మొదటిసారి 1937లో వెల్లడైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీనిని గుర్తించారు. ఆ గ్రామాల్లో ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులే ముందుగా గమనించారని చెబుతారు. నల్లగొండ జిల్లాలో ఈ జబ్బు తీరుపై 1955లో డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

దీనికి కారణం మన కాళ్ల కింద ఉన్న రాయి. ఇక్కడి నల్లరాతి, ఎర్రరాతి పొరల్లో ఫ్లోరిన్ కలిగిన ఖనిజాలు ఉన్నాయి. వాన తక్కువై, నీరు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిపోయినకొద్దీ ఫ్లోరైడ్ కరిగి నీటిలో చేరుతుంది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాముకు మించరాదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. వేరే నీటి దారి లేనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తోంది. నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో కొన్నిచోట్ల 20 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు పరిశోధకులు నమోదు చేశారు.

ఒక మిల్లీగ్రాము అంటే ఎంతో తెలుసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. మేడపై ఉండే వెయ్యి లీటర్ల ట్యాంకు నిండా నీళ్లు పోసి అందులో ఒక్క గ్రాము, అంటే వేళ్లతో తీసిన చిటికెడు, కలిపితే అది లీటరుకు ఒక మిల్లీగ్రాము. మంచి నీటికీ చెడ్డ నీటికీ మధ్య తేడా ఆ చిటికెడే.

480 మంది అభ్యర్థులు

ఈ నీటి కోసం జిల్లా ప్రజలు చేయని పోరాటం లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి పిలుపుతో నామినేషన్లు వెల్లువెత్తాయి. అందరి గుర్తులూ ఒక కాగితంపై పట్టక బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నికను వాయిదా వేయవలసి వచ్చింది. చివరకు సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గెలుపొందారు. ఇంతమంది పోటీకి దిగిన తర్వాత అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10 వేల రూపాయలకు పెంచుతూ చట్టం మారడం గమనార్హం. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి తన వంగిపోయిన శరీరాన్నే సాక్ష్యంగా పెట్టి ఏళ్ల తరబడి ఈ గోడు వినిపించి 2023లో కన్నుమూశారు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970 దశకంలో రూపొందించి, దానికి మన జిల్లా పేరే పెట్టింది. ‘నల్గొండ టెక్నిక్’ పేరుతో అది ఆఫ్రికాలోని టాంజానియా, కెన్యాల దాకా వెళ్లింది. జబ్బుకూ మన పేరే, విరుగుడుకూ మన పేరే.

ఆ తర్వాత కృష్ణా నీరు గొట్టాల ద్వారా ఊళ్లకు వచ్చింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణతో మొదలైన పథకం మిషన్ భగీరథగా ఇంటింటికీ చేరింది. 2015లో రాష్ట్రంలో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య 2020 నాటికి సున్నాకు చేరిందని కేంద్ర ప్రభుత్వ లెక్కలు చూపాయి. ఇది చిన్న విజయం కాదు.

నల్లా వచ్చినా బోరు పోలేదు

అయితే భూమిలోని రాయి మారలేదు. బోరులోని నీరూ మారలేదు. ఇంట్లో నల్లా ఉన్నా, నాట్లకు, కలుపులకు, పత్తి ఏరడానికి వెళ్లిన కూలీలు మధ్యాహ్నం సద్ది విప్పి తాగేది చేను పక్కన మోటారు పోసే నీళ్లే. ఎండాకాలంలో పొద్దంతా పనిచేసే మనిషి ఇంట్లో తాగేదానికంటే చేను దగ్గర తాగేదే ఎక్కువ. గొడ్లు తాగేదీ ఆ నీళ్లే. గొట్టం పగిలి నాలుగు రోజులు నల్లా రాకపోతే ఊరంతా మళ్లీ పాత బోరు దగ్గరికే పోతుంది. క్యాన్లలో కొనే నీళ్లు ఏ బోరువో, ఆ ప్లాంటులో జల్లెడ పొర సరిగా ఉందో లేదో కొనేవారికి తెలియదు.

1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలైన తర్వాత ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో ముఖాలు కళకళలాడాయి. కాలువ కింద ఒక తీరు, కాలువ ఎక్కని మెట్ట ఊళ్లలో మరో తీరు. ఒకే ఊరిలో రెండు బోర్ల మధ్య కూడా ఫ్లోరైడ్‌లో తేడా ఉంటుంది. కాబట్టి పక్క ఊరి పరీక్ష మన ఊరికి చెల్లదు. పక్కింటి బోరు పరీక్ష మన బోరుకు చెల్లదు. ప్రతి బోరు నీటినీ సీసాలో పట్టి జిల్లా ప్రయోగశాలకు పంపి కబురు కోసం ఎదురుచూడటం అయ్యే పని కాదు. అందుకే పరీక్షే ఊరికి నడిచి రావాలి.

ఇంట్లో ఉన్నవే

సెన్సార్ అనగానే ఏదో విదేశీ వింత అనుకోనక్కరలేదు. పేరు తెలియకపోయినా అవి ఇప్పటికే మన ఇళ్లలో ఉన్నాయి.

షుగర్ ఉన్నవారు వేలు గుచ్చి ఒక బొట్టు రక్తం పట్టీపై పెడతారు. కొన్ని సెకన్లలో మిషన్ అంకె చూపిస్తుంది. ఆ పట్టీలో జరిగేది ఇది: పట్టీపై పూసిన ఒక ఎంజైము రక్తంలోని చక్కెరను విడగొడుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. చక్కెర ఎక్కువైతే ఎలక్ట్రాన్లు ఎక్కువ, విద్యుత్తు ఎక్కువ. మిషన్ ఆ విద్యుత్తును కొలిచి చక్కెరగా చెబుతుంది. ఎంజైమును విద్యుత్ కడ్డీకి జోడించే ఆలోచనను అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ 1962లో ముందుకు తెచ్చారు. ఇంట్లో వాడుకునే ఇటువంటి మిషన్ 1987లో మార్కెట్‌కు వచ్చింది. అంతకు ముందు షుగర్ చూడాలంటే మూత్రం మరిగించి రంగు చూసేవారు.

హైదరాబాద్–విజయవాడ రహదారిపై సూర్యాపేట, కోదాడల మీదుగా వెళ్లే డ్రైవర్లకు నోటితో ఊదే మిషన్ గురించి చెప్పనక్కరలేదు. పోలీసులు వాడే చాలా మిషన్లలో లోపల ప్లాటినం పూత ఉన్న పలక ఉంటుంది. శ్వాసలోని సారా ఆవిరి దానిపై మారిపోయి విద్యుత్తునిస్తుంది. ఎంత తాగితే అంత విద్యుత్తు. రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. ఈ రెండూ విద్యుత్ రసాయన సెన్సార్లే.

ఇక గర్భ నిర్ధారణ పట్టీపై వచ్చే ఎర్ర గీత, 2020లో కరోనా కాలంలో ముక్కులోంచి తీసిన తేమతో చేసిన పరీక్షలో కనిపించిన ఎర్ర గీత అందరికీ గుర్తే. చాలా పట్టీలలో ఆ ఎరుపు బంగారానిది. బంగారాన్ని అతి సన్నని రేణువులుగా చేసి నీటిలో వేస్తే పసుపు రంగు పోయి ఎరుపు వస్తుంది. దీనిని మైఖేల్ ఫారడే 1857లోనే ప్రయోగం చేసి చూపించారు. అంటే నానో పదార్థం మన పల్లెకు ఎప్పుడో వచ్చింది. మనమే గుర్తించలేదు.

ఫ్లోరైడ్‌ను పట్టే స్ఫటికం

ఫ్లోరైడ్ విషయానికి వస్తే 1966 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది అమెరికాలో మార్టిన్ ఫ్రాంట్, జేమ్స్ రాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో ఒక కడ్డీ తయారు చేశారు. ఇది పెన్నంత ఉంటుంది. దాని కొనలో చిన్న స్ఫటికం అమర్చి ఉంటుంది. ఆ స్ఫటికం ఇతర లవణాలను పెద్దగా పట్టించుకోదు, ఫ్లోరైడ్‌కే స్పందిస్తుంది. నీటిలో ముంచితే ఫ్లోరైడ్‌ను బట్టి దాని రెండు వైపులా విద్యుత్ ఒత్తిడిలో తేడా వస్తుంది. ఫ్లోరైడ్ పదింతలు పెరిగితే ఆ తేడా సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. అందులో ఇరవై అయిదో వంతు మార్పు చూసి మిషన్ లెక్క కడుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. నీటిలో అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడ్‌ను పట్టుకొని దాచేస్తాయి. పటిక వేసిన నీటిలో ఇది మరీ ఎక్కువ. ఉన్న ఫ్లోరైడ్ కడ్డీకి కనిపించక అంకె తక్కువ వస్తుంది. అందుకే పరీక్షకు ముందు నీటిలో ఒక ద్రావణం కలుపుతారు. అది ఫ్లోరైడ్‌ను విడిపించి, నీటి పులుపు, ఉప్పులను ఒక స్థాయిలో నిలబెడుతుంది. ఈ ద్రావణం కలపకుండా ముంచి చూపిన అంకెను నమ్మరాదు.

ఊళ్లలో ప్రస్తుతం ఎక్కువగా వాడుకలో ఉన్నది రంగు పరీక్ష. జిర్కోనియం కలిపిన రంగు మందును నీటిలో వేస్తారు. ఫ్లోరైడ్ ఆ జిర్కోనియాన్ని లాక్కుంటుంది. రంగు మారుతుంది. మారిన రంగును చార్టుతో పోల్చి చూస్తారు. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి అయిదుగురు మహిళలకు ఇటువంటి కిట్లతో పరీక్ష చేయడం నేర్పాలని మార్గదర్శకాలు ఉన్నాయి. రంగు పరీక్ష చవక. కానీ ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య రంగు తేడా స్వల్పం. ఎండలో ఒకలా, నీడలో ఒకలా కనిపిస్తుంది. ఒకరికి గులాబీగా కనిపించింది మరొకరికి పసుపుగా కనిపించవచ్చు. ఆ తగాదాను తీర్చేది అంకె చూపే పరికరమే.

బియ్యం గింజకూ పిండికీ ఉన్న తేడా

ఇటీవలి కాలంలో ఈ సెన్సార్లలో నానో పదార్థాల వాడకం పెరిగింది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు. ఆరు మిల్లీమీటర్ల బియ్యం గింజ పొడవులో 60 లక్షల నానోమీటర్లు ఉంటాయి. ఒకటి నుంచి వంద నానోమీటర్ల లోపు ఉండే రేణువులను నానో పదార్థం అంటారు.

అంత సన్నగా చేస్తే లాభం ఏమిటో మిర్యాలగూడ మిల్లుల్లో పనిచేసేవారికి ఇట్టే అర్థమవుతుంది. బియ్యం గింజను నీటిలో వేస్తే నానడానికి గంటలు పడుతుంది. నూక అయితే త్వరగా నానుతుంది. పిండి అయితే వేసిన క్షణంలోనే తడుస్తుంది. బరువు అదే, నీటికి తగిలే పై భాగం పెరిగింది. అలాగే లోహాన్ని, బొగ్గును నానో రేణువులుగా చేసి విద్యుత్ పలకపై పూస్తే విషం వచ్చి తగలడానికి చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొద్దిపాటి విషానికి కూడా విద్యుత్తు తెలిసేంతగా వస్తుంది. బొగ్గు జాతికి చెందిన గ్రాఫీన్, కార్బన్ నాళికలు విద్యుత్తును చురుకుగా మోసుకెళ్తాయి. అందుకే పెద్ద యంత్రం చేసే పనిని అగ్గిపుల్లంత పట్టీతో చేయించే ప్రయత్నాలు ప్రపంచమంతటా సాగుతున్నాయి. సీసం, పాదరసం, కాడ్మియం వంటి లోహాలను ఈ పట్టీలతో వెతకవచ్చు. రాజధాని మురుగును మోసుకొని సూర్యాపేట మీదుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మూసీ నీటితో సేద్యం చేసే రైతులకు ఇది అక్కరకు వచ్చే విషయం.

వెలుగుతో కబురు

రెండో రకం సెన్సార్లు వెలుగుతో కబురు చెబుతాయి. దుకాణంలో అయిదు వందల నోటును నీలి దీపం కింద పెడితే కొన్ని పోగులు మెరుస్తాయి. మామూలు వెలుతురులో అవి కనిపించవు. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని మింగి, కనిపించే వెలుగుగా వదలడం వాటి గుణం. కొన్ని నానో రేణువులకు ఇదే గుణం ఉంది. ఒకే పదార్థం అయినా రేణువు చిన్నదైతే నీలంగా, పెద్దదైతే ఎర్రగా వెలుగుతుంది. క్వాంటం చుక్కలు అనే ఈ రేణువులపై పరిశోధనలకు మౌంగీ బావెండి, లూయీ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ కుటుంబంలో చవకైనవి కార్బన్ చుక్కలు. 2004లో అమెరికాలో కార్బన్ మసిని శుద్ధి చేస్తుండగా ఇవి అనుకోకుండా బయటపడ్డాయి. చక్కెర, నిమ్మరసం వంటి వాటిని వేడి చేసి కూడా వీటిని తయారు చేయవచ్చు.

ఫ్లోరైడ్‌ను వీటితో పట్టే ఉపాయం రంగు పరీక్ష లాంటిదే. చుక్కలకు జిర్కోనియం అంటించి పెడతారు. నీటిలో ఫ్లోరైడ్ ఉంటే ఆ జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది. చుక్కల వెలుగు మారిపోతుంది. ఎంత మారిందో కొలిస్తే ఫ్లోరైడ్ ఎంతో తెలుస్తుంది. నీలి దీపం, ఒక సెల్‌ఫోన్ కెమెరా ఉంటే ఊళ్లోనే ఈ వెలుగును కొలిచేలా చేయాలని పరిశోధకులు కృషి చేస్తున్నారు. అయితే ఫ్లోరైడ్‌కు సంబంధించి ఇవి చాలావరకు ఇంకా ప్రయోగశాల గడప దాటలేదన్నది కూడా నిజం.

పురుగుమందుల జాడ

కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో వరి, మిరప, పత్తి పైర్లకు పురుగుమందుల వాడకం అందరికీ తెలిసిందే. పిచికారీ చేసిన మందు వానకు కొట్టుకుపోయి కుంటల్లో, బావుల్లో చేరుతుంది. దీనికీ ఒక సెన్సార్ పద్ధతి ఉంది. మన నరాలు సక్రమంగా పనిచేయడానికి శరీరంలో ఒక ఎంజైము ఉంటుంది. క్లోరోపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి మందులు ఆ ఎంజైమునే కట్టిపడేస్తాయి. మందు కొట్టే మనిషికి చెమటలు పట్టి, కళ్లు మసకబారి, నోట నురగ రావడానికి కారణం అదే. ఆ ఎంజైమునే విద్యుత్ పట్టీపై పూసి పెడతారు. మంచి నీరు తగిలితే అది చురుకుగా పనిచేసి విద్యుత్తునిస్తుంది. మందు కలిసిన నీరు తగిలితే చచ్చుబడుతుంది. విద్యుత్తు పడిపోతుంది. మనిషికి జరగవలసిన హాని పట్టీకి జరిగి మనల్ని హెచ్చరిస్తుందన్న మాట. ఏ మందు అన్నది మాత్రం ఇది చెప్పలేదు. పేరు తెలియాలంటే పెద్ద ప్రయోగశాలకు పంపవలసిందే.

మద్రాసు ఐఐటీకి చెందిన ఆచార్య టి. ప్రదీప్ బృందం బంగారు నానో రేణువులున్న నీటిలో ఎండోసల్ఫాన్ కలిస్తే రంగు మారుతుందని 2003లోనే చూపింది. ఆ పరిశోధనల ఫలితంగా పురుగుమందులను పట్టే నీటి ఫిల్టరు 2007లో మార్కెట్‌కు వచ్చింది. ప్రదీప్‌కు 2020లో పద్మశ్రీ లభించింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా నిలిపివేసింది. మన దేశంలో పుట్టిన పరిశోధన మన ఇంటి నీళ్ల దాకా రాగలదనడానికి ఇదొక ఉదాహరణ.

తేమ మిషన్ నేర్పిన పాఠం

మిషన్ అంకె చెప్పగానే నమ్మాలా? ఈ ప్రశ్న మన రైతులకు కొత్త కాదు. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తేమ మిషన్ 17 శాతం చూపితే కాంటా పడుతుంది. 18 చూపితే మళ్లీ ఆరబోయాలి. ఒకే రాశిలో ఒక మిషన్ ఒక అంకె, మరో మిషన్ ఇంకో అంకె చూపితే గొడవ తప్పదు. మిషన్‌ను సరిచూశారా, గింజలను రాశి పైనుంచి తీశారా, లోపలి నుంచి తీశారా అని రైతు అడుగుతాడు. నీటి మిషన్‌ను కూడా అలాగే అడగాలి.

ఫ్లోరైడ్ ఎంతో ముందే తెలిసిన నీటిలో, లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్నదానిలో, పది మిల్లీగ్రాములు ఉన్నదానిలో కడ్డీని ముంచి అంకె సరిగా వస్తోందో లేదో చూడాలి. ఆ తర్వాతే ఊరి నీటిని పరీక్షించాలి. కూలికి వచ్చిన మనిషి ముందు కాంటాను ఖాళీగా చూసుకున్నట్లే ఇది.

నీళ్లు పట్టే పద్ధతి కూడా ముఖ్యమే. బోరును కొన్ని నిమిషాలు వదిలేసి గొట్టంలో నిలవ నీరు పోయాక పట్టాలి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా కన్నా ప్లాస్టిక్ సీసా మేలు. ఫ్లోరైడ్ గాజుతో కలిసే గుణం కలది. సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి నింపాలి. ఏ బోరుదో, ఏ తేదీదో సీసాపై రాయాలి. ఎండాకాలంలో ఒకసారి, వానలు పడిన తర్వాత ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది.

అంకె ఒకటి లోపు ఉంటే నిశ్చింతగా తాగవచ్చు. ఒకటి, ఒకటిన్నర మధ్య ఉంటే వేరే నీరు దొరికేదాకా మాత్రమే. ఒకటిన్నర దాటితే తాగడానికీ, వండడానికీ పనికిరాదు. మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందన్నది అపోహ. నీరు ఆవిరై మిగిలినదానిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. బట్టతో వడపోసినా లాభం లేదు.

గోడ మీద రాయాలి

ఎంత మంచి పరికరమైనా బీరువాలో పెట్టి తాళం వేస్తే ప్రయోజనం లేదు. పరీక్ష జరిగితే ఫలితం ఫైలులో ఉండిపోరాదు. ఏ బోరులో ఎంత ఉందో ఆ బోరు గద్దె మీదే పెయింటుతో రాయాలి. బాగున్నదానికి నీలం, బాగులేనిదానికి ఎరుపు వేస్తే చదువురాని కూలీకి కూడా తెలుస్తుంది. చేల దగ్గరి మోటార్లనూ ఈ లెక్కలో చేర్చాలి. బడిలో, అంగన్‌వాడీలో వాడే నీటిని అన్నిటికన్నా ముందు చూడాలి. పళ్లు తయారయ్యే వయసు పిల్లలు ఉండేది అక్కడే.

గ్రామసభలో రోడ్డు, దీపం గురించి అడిగినట్లే ‘మన నీళ్ల అంకె ఎంత?’ అని అడగడం అలవాటు కావాలి. కిట్లలో మందులు అయిపోయాయా, గడువు దాటిందా అన్నది మహిళా సంఘాలు కనిపెట్టి ఉండాలి. అంకె చూపే కడ్డీ మిషన్ మండలానికి ఒకటైనా ఉండేలా, దాన్ని సరిచూసే ద్రావణం అందుబాటులో ఉండేలా అధికారులు ఏర్పాటు చేస్తే ఖర్చు కన్నా మేలే ఎక్కువ. సైన్సు చదివే కళాశాల విద్యార్థులు సెలవుల్లో తమ ఊరి బోర్లను పరీక్షించి పటం గీస్తే చదువుకు చదువు, సేవకు సేవ.

నీళ్లలో ఏముందో తెలియని రోజుల్లో మన తాతలు, తండ్రులు నడుములు వంచుకొని బతికారు. ఇప్పుడు తెలుసుకునే దారి ఉంది. ఈసారి ఆ మాట చెప్పవలసింది పరికరమే గాని, బడికి పోయే పిల్ల పళ్లు కారాదు.